ఎనిమిది కిటికీలకూ ఒకే రేటు అడగకండి

మీరు రాసినదాన్ని ముందు ఒకసారి చెప్పుకుంటాను, నేను సరిగా అర్థం చేసుకున్నానో లేదో మీకు తెలుస్తుంది. చెన్నై వేళచ్చేరిలో మూడో అంతస్తు, పాతికేళ్ళ నాటి రెండు పడకగదుల ఫ్లాట్. ఎనిమిదీ టేకు కిటికీలే. హాలు కిటికీ తూర్పున. పిల్లల గదికి తూర్పున ఒకటి, ఉత్తరాన ఒకటి. అమ్మానాన్నల గదికి పడమర ఒకటి, ఉత్తరాన ఒకటి. వంటింటిది పడమర. బాత్రూముల వెంటిలేటర్లు రెండూ లోపలి షాఫ్ట్ వైపు. కిందటి వానలకు తూర్పు రెక్కలు ఉబ్బి మూతపడలేదు, హాల్లోకి నీళ్ళు వచ్చాయి, హాలు చట్రం కింది కొయ్యకు చెద పట్టింది. కిటికీలు మార్చడానికి ముగ్గురిని పిలిస్తే ఒకరు 58 వేలు, ఒకరు లక్షా 5 వేలు, ఇంకొకరు లక్షా 70 వేలు చెప్పారు. వీటిలో న్యాయమైన ధర ఏది, మొత్తం ఎంత సర్దుకోవాలి, తీసేసిన టేకు ఏం చేయాలి అని అడిగారు.

నేను చెన్నైలో ఇళ్ళ పనుల్లో సైట్ ఇంజినీరుగా 27 ఏళ్ళు చేశాను. సొంతూరు చీరాల, ఉండేది తిరువాన్మియూరు. ఇన్నేళ్ళలో నాకు బాగా తెలిసివచ్చింది ఒకటుంది. కిటికీ ఖర్చును నిర్ణయించాల్సింది చదరపు అడుగు రేటు కాదు, ఆ కిటికీ ఏ దిక్కుకు ఉంది, దాని చుట్టూ గోడ ఎలా ఉంది అన్నవి. మీ ఎనిమిదింటికీ ఒకే సరుకు, ఒకే రేటు అవసరం లేదు. అన్నీ ఒకేసారి మార్చాల్సిన అవసరం కూడా కనిపించడం లేదు.

ముందు ఆ మూడు ధరల సంగతి. మీరు పంపిన కాగితాలు చూస్తే ముగ్గురూ ఒకే పనికి ధర చెప్పలేదు. మీ కొలతల ప్రకారం మొత్తం 103 చదరపు అడుగులు. 58 వేలు చెప్పినతను రాసింది అల్యూమినియం స్లైడింగ్, 5 మిల్లీమీటర్ల మామూలు అద్దం. జీఎస్టీ వేరు, గ్రిల్ వేరు, పాత చట్రాలు పీకడం, గోడ పూత, రంగు మీరే చూసుకోవాలి. 18 శాతం పన్ను కలిపితే అది 68,440 అవుతుంది. పాత గ్రిల్ చెక్క చట్రానికే బిగించి ఉంటుంది కాబట్టి చట్రంతో పాటే వచ్చేస్తుంది. హాలుకీ పడకగదులకీ కలిపి 88 చదరపు అడుగుల గ్రిల్‌కి అడుగు 250 లెక్కన 22 వేలు. పీకడానికి కిటికీకి 800 చొప్పున 6,400. కొత్తనార్ (తాపీమేస్త్రి) పని, పుట్టీ, రంగు 15 వేలకు తగ్గదు. అన్నీ కూడితే లక్షా 12 వేల దగ్గరకు వచ్చింది. 58 వేలు పెట్టుకుని పని మొదలుపెట్టినవాళ్ళు సగంలో అప్పు వెతుక్కునేది ఇందుకే.

లక్షా 5 వేలు చెప్పినతను యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) స్లైడింగ్, దోమల మెష్, పన్ను అన్నీ కలిపాడు కానీ పాత చెక్క చట్రాన్ని అలాగే ఉంచి దాని లోపల కొత్త ఫ్రేము కూర్చోబెడతానన్నాడు. దుమ్ము ఉండదు, రెండు రోజుల్లో అయిపోతుంది. చట్రం గట్టిగా ఉంటే అది తప్పు పద్ధతి కాదు. కానీ మీ హాలు చట్రానికి చెద ఉంది. పుచ్చిన కొయ్యకు స్క్రూలు బిగించి దానిమీద కొత్త కిటికీ నిలబెట్టడం నేను ఒప్పుకోను. పైగా నాలుగు వైపులా రెండేసి అంగుళాలు తగ్గి వెలుతురు పోతుంది. లక్షా 70 వేలతను తెరిచే రెక్కలు, టఫెండ్ అద్దం (వేడిచేసి గట్టిపరిచినది), గ్రిల్, పీకుడు, పూత, పన్ను అన్నీ కలిపి రాశాడు. ముగ్గురిలో నిజాయితీగా పూర్తి లెక్క ఇచ్చింది అతనే. కానీ మీకు అవసరం లేని నాలుగైదు కిటికీలకూ అదే లెక్క వేశాడు.

ఇప్పుడు దిక్కులు. చెన్నైకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. గాలి సముద్రం వైపు నుంచి తోస్తుంది కాబట్టి వాన జల్లు తూర్పు, ఉత్తర గోడలకు కొడుతుంది. మీ తూర్పు కిటికీలు రెండే బాగా చెడిపోవడానికి కారణం అదే. ఉత్తరం కిటికీలకు రెక్క కొంచెం బిగుసుకుంటోంది, అంతే అని మీరే రాశారు. పడమటి కిటికీకి వానకంటే ఎండ పెద్ద శత్రువు. మధ్యాహ్నం రెండు నుంచి పొద్దుగూకే దాకా సూర్యుడు కిందికి దిగుతూ నేరుగా లోపలికి వస్తాడు, పైన సన్‌షేడ్ ఎంత ఉన్నా ఆపలేదు. పెద్దవాళ్ళు పగలంతా ఉండే గది అది.

కాబట్టి నేనైతే ఈ ఏడాది మూడు కిటికీలే మారుస్తాను: హాలు తూర్పుది, పిల్లల గది తూర్పుది, అమ్మానాన్నల గది పడమటిది. మూడూ కలిపి 56 చదరపు అడుగులు. ఉత్తరం కిటికీలు రెండింటికీ ముందు స్క్రూడ్రైవర్‌తో పరీక్ష చేయండి. చట్రం కింది మూలల్లో, గోడకు ఆనుకున్న చోట మొనతో గట్టిగా పొడవండి. మొన దిగకపోతే, తట్టినప్పుడు డొల్ల శబ్దం రాకపోతే ఆ టేకు ఇంకో ఇరవై ఏళ్ళు ఉంటుంది. వడ్రంగిని పిలిచి రెక్కలు చిత్రిక పట్టించి, మడతబందులు మార్పించి, బయటివైపు మంచి పాలిష్ కానీ పెయింటు కానీ వేయించండి. ఇది ఫిబ్రవరి తర్వాతే చేయించాలి. డిసెంబరులో ఉబ్బి ఉన్న రెక్కను చిత్రిక పడితే ఏప్రిల్‌కి అది ఎండి కుదించుకుపోయి సందులు పడతాయి. వంటింటిది వచ్చే ఏడాదికి వాయిదా వేయవచ్చు. వెంటిలేటర్ల అద్దపు పలకలు మార్చకండి, మెష్ మాత్రం కొత్తది వేయించండి.

ఏ సరుకు అని అడిగితే, మీకు యూపీవీసీ సరిపోతుంది. వేళచ్చేరి సముద్రానికి కొంత దూరమే అయినా ఉప్పుగాలి అసలు రాదని చెప్పలేం. యూపీవీసీకి చెద పట్టదు, తుప్పు పట్టదు, వానకు ఉబ్బదు. అయితే ఆ ప్లాస్టిక్ చట్రం లోపల జింకు పూసిన ఇనుప పట్టీ ఉండాలి. గాలి ఒత్తిడికి నిలబెట్టేది అదే. పైకి కనబడదు కాబట్టి చవక కొటేషన్లలో ముందుగా మాయమయ్యేదీ అదే. వెడల్పాటి హాలు కిటికీలో పట్టీ లేకపోతే మధ్యలో రెక్క వంగుతుంది. పట్టీ మందం ఎన్ని మిల్లీమీటర్లో కాగితం మీద రాయించుకోండి, సరుకు వచ్చాక కోసిన ముక్క ఒకటి చూపించమనండి. స్క్రూలు, మడతబందులు, హ్యాండిళ్ళు స్టెయిన్‌లెస్ 304 రకం అడగండి. మా తిరువాన్మియూరులో బీచికి దగ్గరగా ఉన్న ఇళ్ళకు నేను ఉప్పుగాలిని ఇంకా బాగా తట్టుకునే 316 వేయమంటాను, మీకు అంత అక్కర్లేదు. అల్యూమినియం కూడా మంచిదే, సన్నని ఫ్రేముతో వెలుతురు ఎక్కువ వస్తుంది. కాకపోతే దాని పౌడర్ కోటింగ్ కనీసం 60 మైక్రాన్లు ఉండాలి, సెక్షన్ పలచగా ఉండకూడదు. ఆ షరతులు పెట్టాక ధర యూపీవీసీకి దగ్గరగానే వస్తుంది.

స్లైడింగా, తెరిచే రెక్కా? జల్లు కొట్టే తూర్పుకు తెరిచే రెక్క అనే నా అభిప్రాయం. రెక్క మూసి హ్యాండిల్ తిప్పితే చుట్టూ రబ్బరు బీడింగు మీద బిగుసుకుంటుంది. స్లైడింగ్‌లో రెక్క జారాలంటే కొంత సందు ఉండక తప్పదు, అక్కడ ఉండేది బ్రష్ మాత్రమే. పైగా స్లైడింగ్ ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది, చెన్నై ఉక్కలో ఆ సగం గాలి తేడా బాగా తెలుస్తుంది. మీ హాలు కిటికీ ఆరడుగుల వెడల్పు, మధ్యలో కదలని అద్దం, రెండు పక్కలా తెరిచే రెక్కలు పెట్టించండి. గ్రిల్ విషయం ముందే ఆలోచించాలి. రెక్క బయటకు తెరుచుకుంటే గ్రిల్ లోపల ఉండాలి, మెష్ రెక్క ఇంకా లోపలికి తెరుచుకోవాలి. హ్యాండిల్ దగ్గర చేయి దూరేంత ఖాళీ గ్రిల్‌లో వదలమని ముందే చెప్పండి. చాలా ఇళ్ళలో ఇది మర్చిపోయి కిటికీ వేయడానికి ప్రతిసారీ వేళ్ళు గీసుకుంటుంటారు. ఇంకొక మాట, దయచేసి తేలిగ్గా తీసుకోకండి: పడకగది గ్రిల్స్‌లో ఒకదానికైనా లోపలి నుంచి తాళం తీసుకుని తెరుచుకునే తలుపు పెట్టించండి. అగ్నిప్రమాదం జరిగితే బయటపడడానికి దారి ఉండాలి.

అద్దం దగ్గర అనవసరపు ఖర్చు ఎక్కువ జరుగుతుంది. పడమటి గది వేడికి రెండు అద్దాల కిటికీ వేయమని మూడో అతను చెప్పాడని రాశారు. రెండు అద్దాల మధ్య గాలి పొర ఉంటే బయటి వేడి గోడ గుండా పాకినట్టే అద్దం గుండా పాకే వేడి తగ్గుతుంది, నిజమే. కానీ మీ బాధ నేరుగా పడే ఎండ. మామూలు తెల్లద్దం ఒకటే ఉంటే ఆ ఎండ వేడిలో పదింట ఎనిమిది వంతులు లోపలికి వస్తుంది. తెల్లద్దాలే రెండు పెట్టినా ఏడు వంతులు వస్తుంది. అదే ఎండను తిప్పికొట్టే సోలార్ కంట్రోల్ పూత ఉన్న అద్దం ఒక్కటి వేస్తే సగానికి సగం తగ్గించవచ్చు, ఖర్చు చాలా తక్కువ. శ్రీపెరంబుదూరులోనే పెద్ద అద్దాల కర్మాగారం ఉంది, ఈ రకాలు నగరంలో దొరకడం కష్టం కాదు. దానికి తోడు బయటివైపు వెదురు తడక వేలాడదీయండి. ఎండ అద్దాన్ని తాకకముందే ఆపితే ఫలితం ఎక్కువ. లోపల ఎంత మందం పరదా వేసినా వేడి అప్పటికే గదిలోకి వచ్చేసి ఉంటుంది.

మూడు కిటికీలకూ టఫెండ్ అద్దమే వేయించండి. అది మామూలు అద్దం కంటే నాలుగైదు రెట్లు గట్టిది, పగిలినా చిన్న చిన్న మొద్దు ముక్కలవుతుంది. టఫెన్ చేశాక అద్దాన్ని కోయడం కుదరదు, కాబట్టి కొలత తప్పితే మళ్ళీ కొత్తదే. మీ గోడ అవతల మెయిన్ రోడ్డు లేదన్నారు కనుక శబ్దం తగ్గించడం కోసం లామినేటెడ్ అద్దానికి (మధ్యలో ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది) డబ్బు పెట్టకండి.

ఇక అందరూ తక్కువగా మాట్లాడే విషయం, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయం, కిటికీకీ గోడకూ మధ్య ఉండే ఆ అరంగుళం సందు. 2014లో మా ఇంటి తూర్పు కిటికీలు మార్పించాను. ఫ్రేము మంచిది, అద్దం మంచిది. బిగించే రోజు నేను వేరే సైట్‌లో ఉండి చూసుకోలేకపోయాను. 2016 డిసెంబరు 12న వర్దా తుఫాను వచ్చింది. మొదట ఉత్తరం వైపు నుంచి, కన్ను దాటాక దక్షిణం వైపు నుంచి గాలి కొట్టింది. మంచం పరుపుతో సహా తడిసిపోయింది. మా అమ్మ ఆ రాత్రంతా కుర్చీలోనే కూర్చుంది. మర్నాడు విప్పి చూస్తే ఫ్రేములో లోపమేమీ లేదు. సందులో ఫోమ్ మాత్రమే నింపి, పైన పలచగా సిలికాన్ గీత గీసి వెళ్ళిపోయారు. రెండేళ్ళ ఎండకు బయటి ఫోమ్ పొడిపొడిగా రాలిపోయింది. కిటికీ కింది గట్టుకు వాలు లేదు, నీళ్ళు నిలబడి గోడలోకి దిగాయి. ట్రాకులో నీళ్ళు బయటకు పోవడానికి ఉండే చిన్న రంధ్రాలను సిమెంటుతో మూసేశారు. ఇన్నేళ్ళు ఈ పనిలో ఉండి కూడా మా అమ్మను ఆ రాత్రి అలా కూర్చోబెట్టానన్న బాధ నాకు ఇంకా ఉంది. అందుకే దీని గురించి ఇంత వివరంగా రాస్తున్నాను.

పాత చట్రం తీశాక ముందు కొత్తనార్ చేత గట్టు సరిచేయించండి. బయటివైపుకు వాలు ఉండాలి, గట్టు పలక గోడ దాటి కొద్దిగా ముందుకు రావాలి, దాని అడుగున నీటిచుక్క తెగిపోయేలా సన్నని గాడి ఉండాలి. సన్‌షేడ్ కింద కూడా ఆ గాడి ఉందో లేదో చూడండి. హాలు గోడలో చెద మందు అప్పుడే పెట్టించాలి. యూపీవీసీని చెద తినదు కానీ గోడలోంచి పాకి పక్కన ఉన్న అలమరాకు పడుతుంది. ఫ్రేమును గోడకు యాంకర్ బోల్టులతో బిగించాలి, మూలల నుంచి ఆరేడు అంగుళాల్లో ఒకటి, ఆ తర్వాత రెండేసి అడుగులకు మించని దూరంలో. ఆ తర్వాత సందులో ఫోమ్, అది ఆరాక దాని అంచును కొంచెం లోపలికి కోసి, బయటా లోపలా న్యూట్రల్ రకం వెదర్ సిలికాన్. సిలికాన్ పూస్తుంటే వెనిగర్ లాంటి పుల్లని వాసన వచ్చిందంటే పని ఆపించండి. అది అసిటిక్ రకం, సిమెంటుకు సరిగా పట్టదు, లోహాన్ని తినేస్తుంది. న్యూట్రల్ ట్యూబుకు ధర కొంచెం ఎక్కువ, మూడు కిటికీలకు కలిపి చూస్తే చాలా చిన్న మొత్తం.

కొలతల దగ్గర ఒక చిక్కుంది. పాత చట్రం ఉండగానే వచ్చి కొలుస్తారు, పూత వెనక అసలు గోడ ఎక్కడుందో అప్పటికి తెలియదు. ఒక మూలలో పూత కొంచెం చెక్కించి చట్రం అంచు, గోడ అంచు చూశాకే కొలవమనండి. వెడల్పు మూడు చోట్ల, ఎత్తు మూడు చోట్ల, రెండు కర్ణాలూ కొలవాలి, చిన్న కొలతే లెక్కలోకి రావాలి.

ఇప్పుడు మీ బడ్జెట్. తెరిచే రెక్కల యూపీవీసీ, టఫెండ్ అద్దం, మెష్‌తో చదరపు అడుగు వెయ్యి అనుకుంటే 56 అడుగులకు 56 వేలు. పడమటి కిటికీకి సోలార్ అద్దం తేడా అడుగుకు 150 చొప్పున 2,400. పన్ను 10,512. ఇక్కడికి 68,912. గ్రిల్స్ 14 వేలు, పీకుడు 2,400, కొత్తనార్ పని, చెద మందు, రంగు కలిపి 9 వేలు. అంటే 94 వేల పైచిలుకు. పది శాతం, అంటే ఇంకో 9,500 వేరుగా ఉంచండి, ఎందుకంటే పాత గోడ విప్పాక ఏదో ఒకటి బయటపడకుండా ఉండదు. ఉత్తరం కిటికీల వడ్రంగి పనికి 6 వేలు. మొత్తం లక్షా 10 వేలు. మీ దగ్గర రేటు కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు, కానీ ఈ పద్దులన్నీ కొటేషన్‌లో విడివిడిగా కనబడాలి. గ్రిల్ బరువు లెక్కనా, అడుగు లెక్కనా? చిన్న కిటికీకి కనీస చదరపు అడుగులని ఏమైనా లెక్క వేస్తారా? సరుకు మూడో అంతస్తుకు ఎక్కించే ఖర్చు, రాళ్ళూ మట్టీ తీసుకెళ్ళే ఖర్చు ఎవరిది? ఈ ప్రశ్నలు అడ్వాన్సు ఇవ్వకముందే అడగాలి. పన్ను లేకుండా చేస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, బిల్లు లేకపోతే వారంటీ అడగలేరు.

డబ్బు సగం అడ్వాన్సు, సరుకు ఇంటికొచ్చి మీరు చూసుకున్నాక 35 శాతం, బిగించాక నీళ్ళ పరీక్ష అయ్యాక మిగతాది. పరీక్ష సులువే. కిటికీ మూసి, బయటి నుంచి గొట్టంతో పది నిమిషాలు చట్రం చుట్టూ నీళ్ళు కొట్టించండి, లోపల మీ నాన్నగారిని టార్చి పట్టుకుని చూడమనండి. ఇది ముందే కొటేషన్‌లో రాయించుకుంటే చివర్లో వాదన రాదు.

సమయానికి వస్తే, ఆర్డరు జనవరి మొదట్లో ఇవ్వకండి, పొంగల్‌కి పనివాళ్ళు ఊళ్ళకు వెళ్ళిపోతారు. ఫిబ్రవరి, మార్చి మంచివి. అప్పుడు కుదరకపోతే మన ఆషాఢం వెళ్ళే రోజుల్లో తమిళుల ఆడి మాసం మొదలవుతుంది. కొత్త పనులు మొదలుపెట్టడానికి చాలామంది ఆగుతారు కాబట్టి కిటికీలు తయారుచేసే ఫ్యాబ్రికేటర్లు ఖాళీగా ఉంటారు, ధర మాట్లాడుకోవచ్చు. సెప్టెంబరు దాటనివ్వకండి. ఆర్డరుకు ముందు మీ అసోసియేషన్ దగ్గర బయటి రంగు, పని వేళలు గురించి కాగితం తీసుకోండి. బయటి గోడ అందరిదీ కదా, తర్వాత మాట పడడం ఎందుకు. రోజుకు ఒక గది చొప్పున మాత్రమే విప్పనివ్వండి, ఏ రాత్రీ కిటికీ లేని గది మిగలకూడదు. అమ్మానాన్నల గది పని జరిగే రోజు వాళ్ళను ఎవరైనా బంధువుల ఇంటికి పంపండి, పూత చెక్కేటప్పుడు లేచే దుమ్ము పెద్దవాళ్ళకు మంచిది కాదు.

చివరిగా టేకు. పాత కలప ఊరికే తీసుకెళ్తామని చెప్పినతనికి ఒప్పుకోకండి. పాతికేళ్ళు ఆరిన టేకు మెలి తిరగదు, మంచి ధర పలుకుతుంది. చెద పట్టిన కింది కొయ్యను కోయించి పారేయండి. మిగతా నిలువు కొయ్యలు, రెక్కల పట్టీలు మీవేనని కొటేషన్‌లో ఒక వాక్యం రాయించండి. మేకులు తీయించి, కొన్నాళ్ళు నీడలో పేర్చి, చెద లేదని నిర్ధారించుకున్నాక ఉత్తరం కిటికీలకు వచ్చిన వడ్రంగికే చూపించండి. ఆ మూడు కిటికీల కలపతో పూజగదికి పీట, అమ్మ కూర్చోవడానికి ఒక చిన్న బల్ల తేలిగ్గా వస్తాయి.